పసివాడికి పాత పేరు పెట్టాలనుకుంటే

మా ఇంట్లో ఒక ఇత్తడి బిందె ఉండేది. స్టీలు బిందెలు వచ్చాక అది అటకెక్కింది. ఒక సంక్రాంతికి ఇల్లు దులుపుతూ కిందికి దించి, చింతపండు పెట్టి తోముతుంటే మూతి కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. "సూరన్న". అంతే, ఇంకేమీ లేదు. ఆయనెవరో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎవరి పెళ్ళికో చదివించిన బిందె అయి ఉంటుందన్నారు. కానీ రెండు మూడు రోజులపాటు ఆ పేరు అందరి నోళ్ళలోనూ నానింది. ఇంత చక్కటి పేరు ఇన్నేళ్ళు అటక మీద ఉండిపోయిందే అనిపించింది.

మగపిల్లాడికి పాతకాలం పేరు పెట్టాలని ఉంది, ఎలా ఎంచుకోవాలి అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఒకటే. పాత పేరు పెట్టడం తేలిక. దాన్ని నోట్లో నిలబెట్టుకోవడమే కష్టం. మా దగ్గరి బంధువుల్లో ఒకరు కొడుక్కి ముత్తాత పేరు పెట్టామని ఎంతో సంబరంగా చెప్పారు. ముందొక కొత్త పేరు, మధ్యలో ముత్తాత పేరు, చివర ఇంటిపేరు. బారసాల నాడు తప్ప ఆ మధ్య పేరు ఎవరూ పలకలేదు. ఇంట్లో ముద్దుపేరు, బళ్ళో కొత్త పేరు. ఇప్పుడు ఆ ముత్తాత హాజరుపట్టీలో ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక చుక్క. ఆ ఇంటివాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మనలో చాలామందిమి చేసింది అదే. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ ఒక్క పని కోసం: పేరు ఇనీషియల్ అయిపోకుండా, పిలుపుగా మిగలాలి.

ముందు ఇల్లు వెతకండి

ఫోన్లో పేర్ల జాబితాలు తెరవకండి. అక్కడ ఒకే వంద పేర్లు తిరుగుతుంటాయి, సగానికి అర్థాలు కూడా సరిగ్గా ఉండవు. మీ ఇంట్లో ఉన్నవి ముందు తియ్యండి.

ఇత్తడి, కంచు సామాన్లు తిరగేసి మూతుల కింద, అడుగున చూడండి. పాత పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకం దొరికితే అది బంగారం. రెండు రూపాయలు, అయిదు రూపాయలు చదివించిన బంధువులందరి పేర్లూ, ఊళ్ళతో సహా ఒకేచోట ఉంటాయి. పొలం దస్తావేజుల్లో "ఫలానా వారి కుమారుడు ఫలానా" అని రాస్తారు గనక ఒక్క కాగితంలో రెండు తరాల పేర్లు దొరుకుతాయి. తద్దినాలు పెట్టే ఇల్లయితే తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వసు రుద్ర ఆదిత్య రూపాలుగా ఏటా చెబుతూనే ఉంటారు, పక్కన కూర్చుని రాసుకోండి. క్రైస్తవ కుటుంబమైతే చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు అడగండి. దేవసహాయం, ఆశీర్వాదం, జ్ఞానానందం, యేసుపాదం లాంటి పేర్లు ఎంత అందమైన తెలుగో అక్కడ మళ్ళీ తెలుస్తుంది.

తర్వాత పెద్దవాళ్ళు. "పాత పేర్లు చెప్పు మామ్మా" అంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. "మీ నాన్నగారిని ఊళ్ళో ఏమని పిలిచేవారు?" అని అడగండి. కాగితం మీద వెంకట సుబ్రహ్మణ్యం అని ఉన్నాయన ఊళ్ళో సుబ్బన్న అయి ఉంటాడు. మీకు కావలసింది ఆ రెండోదే. నలుగురి నోళ్ళలో అరిగి నునుపెక్కిన పేరది.

ఇక్కడే ఒక సంగతి తెలుసుకోవాలి. మన ఇళ్ళల్లో మామగారి పేరు కోడలు నోటితో అనేది కాదు. మనవడికి తాత పేరు పెట్టుకున్నా, వాణ్ణి ఆ పేరుతో తిట్టలేదు, "ఒరేయ్" అనలేదు. అందుకని "అయ్యా", "తాతా", "పెద్దాయనా" అని పిలిచేవారు. గౌరవం కొద్దీ చేసిన పనే, కానీ పేరు అక్కడే మూలన పడింది. మీ ఇంట్లో ఆ పట్టింపు ఇంకా ఉంటే ముందే మాట్లాడుకోండి. నాయనమ్మ నోరారా పిలవగలిగే పేరేదో ఆవిడనే అడగండి. బతికున్నవాళ్ళ పేరు పిల్లలకి పెట్టని ఇళ్ళు కూడా ఉన్నాయి, అదీ కనుక్కోండి.

మీ ఊరి దేవుడెవరు?

ఇంట్లో దొరక్కపోతే ఊరిని చూడండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇదే. తెలుగు మగవాళ్ళ పాత పేర్లని ఒక కాగితం మీద పరిస్తే గుళ్ళూ గుట్టలూ గుర్తించిన పటంలా ఉంటుంది.

అప్పన్న అంటే సింహాచలం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం, సింహాద్రి అన్నీ ఆ కొండ పేర్లే. సూర్యనారాయణ అంటే అరసవల్లి. సత్యనారాయణ అంటే అన్నవరం, ఆయనే ముద్దుగా సత్తియ్య, సత్తిబాబు. కోటయ్య, కోటేశ్వరరావు నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ త్రికోటేశ్వరుడి పిల్లలు. నెల్లూరు సీమలో పెంచలయ్య వినిపిస్తే పెంచలకోన నరసింహస్వామి. కర్నూలు, నంద్యాల వైపు ఓబులేసు, ఓబన్న అంటే అహోబిలం, మద్దిలేటి అంటే బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి స్వామి.

తెలంగాణలో యాదయ్య, యాదగిరి యాదగిరిగుట్ట నుంచి, రాజన్న, రాజయ్య, రాజేశం వేములవాడ నుంచి, అంజన్న, అంజయ్య కొండగట్టు నుంచి, కొమురయ్య కొమురవెల్లి మల్లన్న నుంచి, ఐలయ్య ఐనవోలు మల్లన్న నుంచి. సమ్మయ్య, సారయ్య అన్న పేర్లు వింటే మేడారం గద్దెలు కళ్ళముందు కనిపిస్తాయి, సమ్మక్క సారలమ్మల పేర్లే మగపిల్లలకి అలా మారాయి. పోచమ్మ నుంచి పోచయ్య, ఎల్లమ్మ నుంచి ఎల్లయ్య. అమ్మవారి పేరు మగబిడ్డకి ఇంత సులువుగా పెట్టుకున్న మనుషులం మనం. దర్గాలకి మొక్కుకుని మస్తానయ్య, దస్తగిరి, హుస్సేనయ్య అని పెట్టుకున్న హిందూ కుటుంబాలు గుంటూరు, నెల్లూరు, రాయలసీమల్లో ఎన్నో.

ఒకే దేవుడు చోటు మారితే పేరు మారతాడు. నరసింహస్వామి ఒకచోట నరసయ్య, ఇంకోచోట నర్సింలు, మరోచోట నరసింహులు. మీ ఊరి రూపాన్నే తీసుకోండి. తాతలది సిద్దిపేట అయి, కొడుక్కి "నరసింహ" అని పుస్తకాల పేరు పెట్టడం కంటే "నర్సింలు" అన్న పేరులో మీ ఊరి గొంతు వినిపిస్తుంది.

మొక్కు కాదు, కష్టం వల్ల వచ్చిన పేర్లు కొన్ని ఉన్నాయి. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, దిష్టి తగలకూడదనీ మృత్యువు కన్ను పడకూడదనీ పసిగుడ్డును పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి తీసుకుని పెంటయ్య అని పెట్టుకునేది. నలుగురిళ్ళలో భిక్షమెత్తి బతికించుకున్నామని భిక్షమయ్య. మీ వంశంలో అలాంటి పేరుంటే, దాన్ని చూసి సిగ్గుపడకండి. ఒక తల్లి భయమంతా అందులో ఉంది. ఆ కథ మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. కానీ బళ్ళో పెంటయ్య అన్న పేరు మొయ్యడం పసివాడికి భారం, ఆ పేరు మాత్రం వద్దనే అంటాను.

ఎంత పాతది కావాలి?

పాత పేరనగానే చాలామందికి సుబ్బారావు, అప్పారావు, వెంకటేశ్వర్లు గుర్తొస్తాయి. అవి మన తాతలనాటివి. ఇంకా వెనక్కి వెళ్ళండి. వెనక్కి వెళ్ళేకొద్దీ పేర్లు బరువెక్కుతాయనుకుంటాం గానీ, నిజానికి తేలికవుతాయి. నన్నయ, మారన, కేతన, సోమన, పోతన, తిమ్మన, సూరన. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో భారతం మొదలుపెట్టిన నన్నయ దగ్గర్నుంచి 16వ శతాబ్దంలో కళాపూర్ణోదయం రాసిన పింగళి సూరన దాకా, అన్నీ మూడక్షరాల పేర్లే. ఇప్పటివాళ్ళు వెతుక్కునే పొట్టి పేర్లకి ఏమాత్రం తీసిపోవు. బిందె మీది సూరన్నా, ఈ సూరనా ఒకటే పేరు. "సూర" అంటే సూర్యుడు.

ఈ పేర్ల చివర ఉన్నది చూడండి. అయ్య, అన్న, అప్ప. మొదటిదీ చివరిదీ తండ్రి అనే మాటలు, మధ్యది తోడబుట్టిన పెద్దవాడు. సోమన, పోతనల చివర వినిపించేదీ ఆ "అన్న"నే. అంటే గౌరవం పేరులోనే కలిసిపోయి ఉంది. "ఒరేయ్ సోమన్నా, ఆ మట్టి నోట్లో పెట్టుకోకురా" అని తల్లి కసిరినా, రెండేళ్ళవాణ్ణి "అన్నా" అనే పిలుస్తోంది. ఇంత ముచ్చటైన ఏర్పాటు మన భాషలో ఉండగా "గారు" విడిగా తగిలించాల్సిన పనేముంది!

అయితే ప్రతి పాత పేరూ ఇవాళ పెట్టుకోవడానికి పనికిరాదు. మాటల అర్థాలు మారతాయి. తిక్కన ఎంత మహాకవి అయినా, ఇవాళ బడిపిల్లలకి వినిపించేది "తిక్క" మాత్రమే. పోతనను "పోతు" అంటారు. పిచ్చయ్య సంగతి చెప్పనక్కర్లేదు. పుల్లయ్య అనగానే వేమవరం వెళ్ళొచ్చిన సామెత ఎవరో ఒకరు అంటారు. వెంగళప్పది కూడా అదే గతి. మీ వంశంలో పోతన్న ఉండి, ఆ పేరు మీద మీకు ప్రాణమైతే పెట్టండి, కానీ వాడికి నాలుగేళ్ళొచ్చేసరికి బమ్మెర ఊరి గురించీ భాగవతం గురించీ చెప్పి, నాలుగు పద్యాలు నేర్పి బడికి పంపండి. ఏడిపించేవాడికి సమాధానం వాడి దగ్గరే ఉంటుంది.

తెలుగు దాటితే ఇంకో చిక్కు. "అ"తో ముగిసే పేర్లని ఉత్తరాదివాళ్ళూ విదేశాల్లోవాళ్ళూ ఆడపిల్లల పేర్లనుకుంటారు. కేతన ముంబైలోనో డల్లాస్‌లోనో అమ్మాయి అయిపోతాడు. మీరుండేది అలాంటి చోటయితే పూర్తి రూపం తీసుకోండి, సోమన కాకుండా సోమన్న, సూరన కాకుండా సూరన్న. చివర "అ" పోకపోయినా "అన్న" స్పష్టంగా వినిపిస్తుంది. ఇంకొంత తగ్గించాలంటే సోము, సూరి అని ఇంట్లో కోసుకోవచ్చు. అవి పాత పేరు కడుపునే పుట్టిన ముద్దుపేర్లు, బయటి నుంచి తెచ్చినవి కావు.

చరిత్రలో నిలిచిన మనుషుల పేరు పెట్టుకోవాలన్నా దారి ఉంది. వీరేశలింగం, ప్రకాశం, వెంకయ్య, శ్రీరాములు, సుందరయ్య, భీం, కొమరయ్య, రామమూర్తి. ఇవి వీధుల పేర్లుగా, జిల్లాల పేర్లుగా రోజూ మన నోళ్ళలో ఉన్నాయి గనక పసివాడికి కొత్తగా అనిపించవు. నన్నడిగితే వీటిలో ఇవాళ హాయిగా పిలుచుకోదగ్గవి ప్రకాశం, సుందరయ్య, భీం. ఎవరూ అర్థం అడగక్కర్లేదు.

నక్షత్రం అక్షరం

దీనికి పట్టింపు లేనివాళ్ళు ఈ భాగం దాటెయ్యండి. ఉన్నవాళ్ళకి పాత పేర్లతో ఇబ్బంది తక్కువే. పునర్వసు రెండో పాదానికి "కో", కోటయ్య ఉన్నాడు. మఖ మొదటి పాదానికి "మా", మారన, మాదన్న ఉన్నారు. చిత్త మూడో పాదానికి "రా", రామన్న, రాఘవయ్య. శతభిషం నాలుగో పాదానికి "సూ", సూరన్న. పూర్వాభాద్ర రెండో పాదానికి "సో", సోమన్న.

హస్త మూడో పాదానికి "ణా" అనో, ఆరుద్ర మూడో పాదానికి "ఙ" అనో వస్తే కంగారుపడకండి. ఆ అక్షరాలతో తెలుగులో ఏ పేరూ మొదలవదు. జన్మనామం ఒకటి, వ్యవహారనామం ఒకటి పెట్టుకోవడం పెద్దలు ఎప్పటినుంచో చేస్తున్న పనే. పురోహితుణ్ణి అడిగితే జన్మనామం ఆ అక్షరానికి చెప్పి, పిలిచే పేరు మీ ఇష్టానికి వదిలేస్తారు. అక్షరం కోసం మీకు నచ్చిన పేరు వదులుకోకండి.

పిలిచి చూడండి

మూడు పేర్లు మిగిలాక కాగితం పక్కన పెట్టి నోటికి పని చెప్పండి. డాబా ఎక్కి, వీధి చివర ఆడుకుంటున్న పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలవండి. తెలుగు పేరు పిలుపులో చివర సాగాలి. "కోటయ్యా..." సాగుతుంది. "సూరన్నా..." ఇంకా బాగా సాగుతుంది. తర్వాత నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు మెల్లగా అనండి. తర్వాత కోపంగా. తర్వాత ఫోన్లో బ్యాంకువాళ్ళకి చెప్పినట్టు, ఇంటిపేరుతో కలిపి. ఇంటిపేరు చివరి అక్షరమూ పేరు మొదటి అక్షరమూ ఒకదానిమీద ఒకటి పడి నాలుక తడబడితే అప్పుడే తెలిసిపోతుంది.

వారం రోజులు ఇంట్లో అందరూ ఒక్క పేరుతోనే పిలవండి, మర్నాడు మార్చకండి. వారం తిరిగేసరికి ఎవరూ గుర్తుచెయ్యకుండానే ఆ పేరే నోటికొస్తుంటే అది నిలబడే పేరు. మాటిమాటికీ "బుజ్జిగాడు" అనే వస్తుంటే, మీరు ఆ పేరును గౌరవిస్తున్నారు గానీ ప్రేమించలేదన్నమాట. ఇంకోటి చూడండి. రెండు వైపుల తాతల పేర్ల కోసం పేచీ వస్తే, రెండూ కలిపి రైలుబండి చెయ్యకండి. ఒకరిది వీడికి పెట్టండి, రెండో బిడ్డకి ఇంకొకరిది దాచండి. రెండో బిడ్డ లేకపోతే, ఎవరి పేరు బాగా పలుకుతుందో అదే పెట్టి ఒప్పించండి. ఆ రెండు పేర్లూ కలిపితే చివరికి ఇద్దరూ ఇనీషియల్సే అవుతారు.

కాగితాల మీద

జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే పంపిస్తారు. అప్పటికి పేరు తేలకపోయినా ఫరవాలేదు, పేరు లేకుండా కూడా జననం నమోదవుతుంది. 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ళదాకా ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. తొందరపడి ఏదో ఒకటి రాయించి తర్వాత మార్చుకోవడం కంటే రెండు నెలలు ఆలోచించి రాయించడం మేలు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడానికీ, డ్రైవింగ్ లైసెన్సుకీ, ఓటరు జాబితాకీ పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రమే. దానిమీద ఉన్న పేరే వాడి జీవితమంతా నడుస్తుంది.

కాబట్టి ఆ కాగితం మీద పాత పేరునే అసలు పేరుగా రాయించండి, మధ్య పేరుగా కాదు. ఇంటిపేరు ఒక్క అక్షరంతో వదిలెయ్యకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు, పేరు రెండూ విడివిడిగా అడుగుతారు, అక్కడ తికమక ఉండదు. పొడుగు పేర్ల మీద మోజున్నవాళ్ళకి ఒక లెక్క చెబుతాను. పాస్‌పోర్టు కింద మిషను చదివే గీతలో మొత్తం పేరుకి 39 గళ్ళే. వెంకట సత్య సూర్య సీతారామాంజనేయ ప్రసాద్ అన్నది ఇంగ్లీషులో రాస్తే, మధ్య ఖాళీలతో కలిపి 42 గళ్ళు. ఇంటిపేరు ఇంకా మొదలే కాలేదు.

ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కటి తేల్చుకుని, ఒక కాగితం మీద రాసి, అన్నిచోట్లా అదే ఇవ్వండి. సోమన్నకి "ఎన్" రెండుసార్లు రాయండి, ఒక్కటే రాస్తే తెలుగు రానివాళ్ళు "సోమానా" అంటారు. కోటయ్య, సుందరయ్య లాంటివాటికి తాతలు చివర "ఐ-ఎ-హెచ్" అని రాసేవారు. ఇవాళ "ఎ-వై-వై-ఎ" అని రాస్తే చదివేవాడి నోట మన పలుకుబడికి దగ్గరగా వస్తుంది. సంఖ్యాశాస్త్రం పేరుతో అక్కడో అక్షరం, ఇక్కడో అక్షరం కలపకండి. ఆధార్‌లో ఒకటి, బడిలో ఒకటి పడి, పదో తరగతి మెమో నాటికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

బారసాల నాడు

పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో, మీ ఆనవాయితీ ఏదైతే అది. పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాసేటప్పుడు అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాయండి. "న్న" ఒత్తు బియ్యంలో చెరిగిపోతుంది, వేలితో బియ్యాన్ని కొంచెం పక్కకి తోస్తూ రాస్తే నిలుస్తుంది. తండ్రి బిడ్డ చెవిలో పేరు చెప్పాక, వచ్చిన ప్రతి ఒక్కరినీ ఉయ్యాల దగ్గరికి పిలిచి, వాళ్ళ నోటితో ఒకసారి ఆ పేరు పిలిపించండి. పెద్దలకి ఆ పేరు గలాయన గురించి గుర్తున్నది చెప్పమనండి. మేమడిగితే ఒక ముసలాయన, ఆ పేరు గల పెద్దమనిషి తన చిన్నప్పుడు ఈత నేర్పాడని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. మాలో ఎవరికీ తెలియని సంగతి అది.

మర్నాటి నుంచి పాలవాడు అడిగినా, పక్కింటి మామ్మగారు అడిగినా, టీకాలు వేసే సిస్టరమ్మ అడిగినా ఆ పేరే చెప్పండి. "ఇంకా బుజ్జిగాడేనండీ" అనకండి. ఎవరైనా "అదేం పేరండీ, మరీ పాతది" అంటే చిన్నబుచ్చుకోకుండా, అది ఏ ఊరి దేవుడిదో, ఏ తాతదో చెప్పండి. నిమిషం పట్టదు.

చివరగా ఒక పని. స్టీలు సామాన్ల కొట్లలో ఇప్పటికీ పేర్లు వేస్తారు, మిషను పెన్నుతో రెండు నిమిషాల్లో అయిపోతుంది. వాడి ఉగ్గుగిన్నె మీద పేరు వేయించండి. తెలుగులో, మొత్తం పేరు, ఇనీషియల్ లేకుండా.